పడిపోయింది అతను, పతిత ఆమె

"ఇంతకీ ఆవిడ చంపిందా, లేదా?"

జుస్తిన్ త్రియే తీసిన ఫ్రెంచి సినిమా 'అనాటమీ ఆఫ్ ఎ ఫాల్' (2023) చూసినవాళ్ళు ముందుగా అడిగే ప్రశ్న ఇదే. అడగడం సహజం కూడా. ఫ్రాన్సులో గ్రెనోబ్ల్ దగ్గర మంచుకొండల్లో ఒంటరి ఇల్లు. అందులో భార్యాభర్తలు, పదకొండేళ్ళ కొడుకు, ఒక కుక్క. కొడుకు కుక్కని తీసుకుని అలా తిరిగి వచ్చేసరికి తండ్రి మంచులో రక్తం కారుతూ చచ్చిపడి ఉంటాడు. పైనుంచి జారిపడ్డాడా? దూకాడా? ఎవరన్నా తోశారా? ఆ వేళ ఇంట్లో ఉన్నది భార్య ఒక్కతే. ఏడాది తర్వాత విచారణ జరుగుతుంది. చివరికి కోర్టు ఆమెని నిర్దోషి అంటుంది. కానీ ఆ పైఅంతస్తులో నిజంగా ఏం జరిగిందో రెండున్నర గంటల సినిమాలో దర్శకురాలు ఒక్కసారి కూడా చూపించదు.

2023 మేలో ఈ సినిమాకి కాన్ ఉత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ డోర్ వచ్చింది. జేన్ కాంపియన్ (1993), జూలియా దుకూర్నో (2021) తర్వాత ఆ బహుమతి అందుకున్న మూడో స్త్రీ త్రియే. 2024లో ఆమెకీ, ఆమె సహచరుడూ సహరచయితా అయిన ఆర్థర్ హరారీకీ కలిపి ఒరిజినల్ స్క్రీన్‌ప్లే ఆస్కార్ కూడా వచ్చింది. ఈ బహుమతుల గురించి రాయడం నా ఉద్దేశం కాదు. సినిమా చూసినవాళ్ళు ఏమన్నారు, ఎందుకలా అన్నారు అన్నది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఒక స్నేహితురాలి ఇంట్లో, తర్వాత రెండుసార్లు సాహిత్య విద్యార్థులతో, లెక్చరర్లతో, ఒకరిద్దరు లాయర్లతో కలిసి ఈ సినిమా చూశాను. ప్రతిసారీ మాటలు సినిమా అంత పొడుగున సాగాయి. ఆ మాటల్లోంచే ఈ వ్యాసం పుట్టింది.

మొదటి ఫిర్యాదు అందరిదీ ఒకటే. "బాగా సాగదీశాడు." సాగదీసింది స్త్రీ అని టైటిల్స్‌లో పేరు చూశాక కూడా చాలామంది నోట 'సాగదీశాడు' అనే వచ్చింది. మన భాషలో క్రియ ఏదీ దాచుకోదు. సినిమా తీసేవాడు అనగానే మగవాడే మనసులో మెదులుతాడని ఆ ఒక్క 'డు' చెప్పేస్తుంది.

రెండో ఫిర్యాదు ముగింపు గురించి. "అంతసేపు కూచోబెట్టి ఏం చెప్పకుండా వదిలేస్తే ఎలా?" కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ దగ్గర్నుంచి నిన్నమొన్నటి వెబ్ సిరీస్ దాకా నేరకథ అంటే మనకి ఒక ఒప్పందం. చిక్కుముడి వేసినవాడే చివరి పేజీలో విప్పాలి. విప్పకపోతే డబ్బులు తీసుకుని సరుకివ్వనట్టు కోపం వస్తుంది. ఆ కోపాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఎందుకంటే అసలు విషయం ఆ కోపం తర్వాతే మొదలైంది. సినిమా జవాబివ్వలేదు కాబట్టి జవాబు చూసినవాళ్ళే ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఇచ్చుకున్నారు కూడా. ఎక్కువమంది "ఆవిడే చంపింది" అన్నారు. ఎలా చెప్పగలరని అడిగితే వచ్చిన కారణాలే మనం కూర్చుని చదవాల్సినవి.

"భర్త పోతే ఆ మొహంలో ఏడుపే లేదు." "మనిషి మరీ చల్లగా ఉంది." "కొడుకుని పట్టించుకోని తల్లి ఏదైనా చేస్తుంది." "పొద్దున్నే ఇంటికొచ్చిన అమ్మాయితో వైన్ తాగుతూ ఆ నవ్వులేంటి?" "వేరే సంబంధాలున్నాయని తనే ఒప్పుకుంది కదా, అదీ ఆడవాళ్ళతో." "తన పుస్తకంలోనే మొగుణ్ణి చంపాలని రాసుకుంది." మరో మాట కొంచెం తగ్గు గొంతుతో వచ్చింది. "మొగుడి కథ కొట్టేసి పేరు తెచ్చుకుంది."

ఒకసారి లెక్కచూడండి. ఇందులో ఒక్కటీ ఆ పైఅంతస్తుకి సంబంధించింది కాదు. సినిమాలో భౌతిక సాక్ష్యం ఉంది. షెడ్డు మీద పడ్డ మూడు రక్తపు చారలున్నాయి. బరువైన వస్తువుతో కొట్టి తోసేశారని ప్రాసిక్యూషన్ నిపుణుడు అంటాడు, పడుతూ షెడ్డు అంచుకి తల తగిలిందని డిఫెన్సు నిపుణురాలు అంటుంది. కొట్టిన ఆయుధం దొరకనే దొరకదు. నిపుణులిద్దరి వాదనా పూర్తిగా వినిపించడానికి దర్శకురాలు బోలెడు సమయం ఇచ్చింది. "సాగదీశాడు" అన్నది ఎక్కువగా ఆ భాగం గురించే. అంటే సాక్ష్యం దగ్గర విసుగు పుట్టింది, శీలం దగ్గర ఆసక్తి పుట్టింది. తీర్పు మాత్రం ఆసక్తి పుట్టిన చోటునుంచి వచ్చింది.

ఇంకో సంగతి గమనించాను. సినిమా మొదలైన కాసేపటివరకూ మా మాటల్లో సాండ్రా 'ఆవిడ'. మంచి రచయిత్రి, చదువుకున్న మనిషి. కోర్టు సీన్లు నడిచేకొద్దీ 'ఆమె' అయింది. కొట్లాట సీను తర్వాత ఒకరిద్దరి నోట 'అది' అయింది. చనిపోయిన భర్త సామ్యూల్ మాత్రం చివరిదాకా 'అతను', 'పాపం ఆయన'. తెలుగులో ఏకవచనంలో స్త్రీకీ ఆవుకీ బండికీ ఒకటే క్రియ. వచ్చింది, పోయింది, తోసేసింది. గౌరవం ఇస్తే 'వారు' దాకా ఎక్కించొచ్చు, కోపం వస్తే 'అది' దాకా దించొచ్చు. ఈ మెట్లన్నీ దిగడానికి సాండ్రాకి రెండున్నర గంటలు పట్టింది. ఇంకే రుజువూ అక్కర్లేకపోయింది.

ఫ్రెంచి పేరులో ఉన్న పతనం అనే మాట గురించి ఇక్కడ చెప్పాలి. పడిపోవడం ఒక శరీరానికి జరిగింది, ఒక కాపురానికి జరిగింది. మన భాషలో ఆ ధాతువులోంచే మరో మాట ఉంది, పతిత. దానికి మగవాళ్ళకి వాడే రూపం వాడుకలో దాదాపు లేదు. మేడమీంచి పడిపోయింది అతను. కోర్టులోనూ చూసేవాళ్ళ గదిలోనూ పతిత అయింది ఆమె. ప్రాసిక్యూటర్ ఆ పని చేసే పద్ధతి చూడండి. ఇంటర్వ్యూకి వచ్చిన విద్యార్థినితో సాండ్రా మాట్లాడిన తీరు, ఆమె పాత సంబంధాలు, ఆమె నవలలో ఒక పాత్ర భర్త చావు కోరుకునే పేరా, ఇలా ఒక్కొక్కటీ తెచ్చి బల్లమీద పెడతాడు. రక్తపు చారలకంటే అవి బరువుగా తూగుతాయి.

ఏడుపు సంగతి ముందు చూద్దాం. సాండ్రా కోర్టులో గుండెలు బాదుకోదు. తడబడకుండా, ఆలోచించి, వాక్యం పూర్తిచేసి మాట్లాడుతుంది. కొడుకు తనని ఇంట్లోంచి కొన్నాళ్ళు వెళ్ళమన్నప్పుడు కారులో కూర్చుని కుమిలి ఏడుస్తుంది. నాతో చూసినవాళ్ళలో చాలామందికి ఆ ఏడుపు గుర్తే లేదు. ఎందుకంటే అది జనం ముందు కాదు, భర్త శవం దగ్గరా కాదు. లోకానికి కావలసిన చోట కావలసినంత ఏడవకపోతే ఏడ్చిన లెక్కలోకి రాదు. మన ఊళ్ళలో చావింటికి వచ్చినవాళ్ళు ముందు చూసేది శవం మొహం కాదు, భార్య మొహం.

సాహిత్య విద్యార్థులకి దీన్ని పోల్చుకోవడానికి ఒక మగవాడున్నాడు. ఆల్బేర్ కామూ 1942 నవల 'ది ఔట్‌సైడర్'లో మెర్సో తల్లి అంత్యక్రియల్లో ఏడవడు. తర్వాత ఒక అరబ్బు మనిషిని కాల్చి చంపుతాడు. విచారణలో అతని హత్య కంటే అతని ఏడవకపోవడమే పెద్ద నేరమవుతుంది. ఎనభై ఏళ్ళుగా ప్రపంచమంతా మెర్సో పక్షాన నిలబడి చదివింది. అబద్ధపు ఏడుపు ఏడవనందుకు అతన్ని నిజాయితీపరుడన్నాం, అస్తిత్వవాద కథానాయకుడన్నాం, ఎం.ఏ. పరీక్షల్లో వ్యాసాలు రాశాం. మెర్సో చంపాడని మనకి తెలుసు. సాండ్రా చంపిందని తెలియదు. అయినా మగవాడి పొడికళ్ళు తత్వశాస్త్రమయ్యాయి, ఆడదాని పొడికళ్ళు రుజువయ్యాయి. ఈ పోలిక నేను చెప్పినప్పుడు ఒక విద్యార్థి "కానీ మేడమ్, ఈవిడ తల్లి కదా" అన్నాడు. అతను నాకు ఎదురుచెప్పాననుకున్నాడు. నిజానికి నా వాదన పూర్తిచేశాడు.

ఇక నవల సంగతి. ప్రాసిక్యూటర్ సాండ్రా పుస్తకంలోంచి చదువుతాడు. అలాగైతే స్టీఫెన్ కింగ్ వరస హత్యలు చేసినట్టా అని డిఫెన్సు ఎదురడుగుతుంది. కోర్టులో నవ్వులు. మేం కూర్చున్న గదిలోనూ నవ్వులు. నవ్వినవాళ్ళే తర్వాత "కానీ అనుభవంలో లేకపోతే ఎలా రాస్తుంది?" అన్నారు. తెలుగులో రాసే ఏ స్త్రీనైనా అడగండి, ఈ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో చెప్తుంది. మగవాడు భార్యని వదిలేసిన కథ రాస్తే అది సమాజ చిత్రణ. ఆడది భర్తని వదిలేసిన కథ రాస్తే ఇంటికి ఫోన్లొస్తాయి. 1980లలో మన కవయిత్రులు శరీరం గురించి, ప్రసవం గురించి, మగవాళ్ళ చూపుల గురించి రాసినప్పుడు వాటిని 'నీలి కవితలు' అని ముద్రవేశారు. కవితని పక్కనపెట్టి కవయిత్రి శీలానికి పరీక్ష పెట్టారు. 1993లో వచ్చిన స్త్రీవాద కవితా సంకలనానికి 'నీలిమేఘాలు' అన్న పేరు చూస్తే ఆ ముద్రకి జవాబు వినిపిస్తుంది. ప్రాసిక్యూటర్ పుస్తకం తెరిచి చదివే ఆ సీనులో నాకు గ్రెనోబ్ల్ కోర్టు కనపడలేదు. మన సాహిత్య సభలే కనపడ్డాయి.

సంబంధాల సంగతికొస్తే మన దేశపు కేసొకటి గుర్తుచేసుకోవాలి. 1959 ఏప్రిల్‌లో బొంబాయిలో నౌకాదళ అధికారి నానావతి తన భార్య ప్రేమికుడు ప్రేమ్ ఆహుజాని కాల్చి చంపి, తనే వెళ్ళి పోలీసులకి చెప్పాడు. జూరీ 8–1 తేడాతో అతన్ని నిర్దోషి అంది. జనం హర్షించారు. హైకోర్టు ఆ తీర్పు కొట్టేసి యావజ్జీవం వేసింది, 1961లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది, 1964లో గవర్నరు క్షమాభిక్ష పెట్టారు. అక్కడ భార్య వివాహేతర సంబంధం మగవాడు చేసిన హత్యని క్షమించడానికి కారణమైంది. ఇక్కడ భార్య వివాహేతర సంబంధం ఆమె హత్య చేసి ఉంటుందనడానికి కారణమైంది. రెండుచోట్లా చంపిందెవరో, చచ్చిందెవరో మారిపోయారు. నేరస్థురాలు మాత్రం మారలేదు.

తెలుగు ప్రేక్షకులు హత్యంటేనే భరించలేరనుకోవద్దు. శ్రీప్రియ దర్శకత్వంలో 2014లో వచ్చిన 'దృశ్యం' చూడండి. అది జీతూ జోసెఫ్ మలయాళ సినిమాకి తెలుగు రూపం. అందులో ఇంటి ఆడవాళ్ళ చేతుల్లో ఒక కుర్రాడు చనిపోతాడు. అది మనకి మొదట్నించీ తెలుసు. అయినా సినిమా అంతా వాళ్ళు దొరక్కూడదనే కోరుకుంటాం. ఎందుకు? ఆ తల్లి తల్లిలా ఉంది, కూతురు కూతురిలా ఉంది, తండ్రి ఇంటికోసం అబద్ధాలన్నీ మోస్తున్నాడు. అక్కడ ఆ కోరిక తప్పని నేననను. ఆ కుర్రాడు ఆ పిల్లని వేధించాడు. కానీ రెండు సినిమాలూ పక్కన పెట్టి చూస్తే ఒకటి తేలుతుంది. కుటుంబం కోసం చేతికి రక్తమంటిన స్త్రీని మనం కడుపులో దాచుకుంటాం. కుటుంబంలో ఇమడని స్త్రీ చేతికి రక్తముందో లేదో తెలియకపోయినా కనిపిస్తున్నట్టే ఉంటుంది.

ఇక్కడిదాకా స్త్రీవాద విమర్శకి తేలికైన దారే. ఇక్కడ ఆగిపోతే నేనూ ఒక తీర్పు చెప్పి చేతులు దులుపుకున్నట్టే. సినిమాలో అన్నిటికన్నా బరువైన సీను ఇంకా మిగిలుంది.

చనిపోవడానికి ముందురోజు భార్యాభర్తలు గొడవపడతారు. సామ్యూల్ దాన్ని రహస్యంగా రికార్డు చేస్తాడు. కోర్టులో ఆ రికార్డు వినిపిస్తారు. సామ్యూల్ కూడా రాయాలనుకున్నవాడే. రాయలేకపోతున్నాడు. పాఠాలు చెప్పాలి, కొడుకుని ఇంట్లో చదివించాలి, ఇల్లు బాగుచేయించాలి. నాకంటూ సమయం లేదు, నా సమయమంతా నువ్వే తీసుకున్నావు అంటాడు. సగంలో వదిలేసిన తన నవలలోని ఊహని తీసుకుని నువ్వు పుస్తకం రాశావంటాడు. నీ ఇష్టప్రకారమే నీ భాషలోనే బతుకుతున్నామంటాడు.

ఈ మాటలు మనకి ఎంత తెలిసినవి! వర్జీనియా వూల్ఫ్ 1929లో సొంత గది గురించి రాసిన దగ్గర్నుంచి రాసే ఆడవాళ్ళందరూ చెప్పుకున్న గోడు ఇదే. వంటకీ పిల్లల హోంవర్కుకీ మధ్య దొరికిన అరగంటలో కథ రాసిన మన రచయిత్రుల ముందుమాటలన్నిటిలో ఉన్న గోడు ఇదే. ఇప్పుడది మగవాడి నోట వస్తోంది. సాండ్రా ఇచ్చే జవాబు కూడా తెలిసినదే. ఇక్కడికి వద్దామన్నది నువ్వు, వాడిని ఇంట్లో చదివిస్తానన్నది నువ్వు, నిన్నెవరూ ఆపలేదు, రాయదలుచుకుంటే రాసేవాడివి. మన మగవాళ్ళు ఎన్నేళ్ళుగా చెప్తున్నారు ఈ మాట! "నిన్ను రాయొద్దన్నానా? ఉద్యోగం చెయ్యొద్దన్నానా?"

"ఆ మాట మొగుడే అని ఉంటే మీరు వ్యాసం రాసేవారు కదా" అన్నాడు ఒక మిత్రుడు. రాసేదాన్నే. కాబట్టి ఈ ప్రశ్నని దాటేయలేను. సాండ్రా మాట్లాడేది ఇంట్లో గెలిచినవాళ్ళ భాష. ఇల్లు ఎవరి శ్రమతో నడుస్తోందో పట్టించుకోకుండా తన పని తాను చేసుకోగలిగిన వాళ్ళ భాష అది. స్త్రీ మాట్లాడింది కాబట్టి అది న్యాయమైపోదు. సామ్యూల్ గోడు అబద్ధమూ కాదు. ఇంటి చాకిరీ మనిషిని ఎలా తినేస్తుందో చెప్పడానికి స్త్రీవాదం కనిపెట్టిన మాటలు అతనికీ వర్తిస్తాయి. వర్తించకపోతే అవి సరైన మాటలే కావు.

కానీ ఒక తేడా ఉంది, దాన్ని చూడాలి. సామ్యూల్ గోడు విన్న ప్రతి ఒక్కరూ అది గోడేనని వెంటనే గుర్తుపట్టారు. ఇంటిపని చేసి, పిల్లవాణ్ణి చూసుకుని, రాయలేకపోయిన మగవాడిని చూడగానే అన్యాయం జరిగిందని అందరికీ అనిపించింది. ఆ పనే చేసి రాయలేకపోయిన ఆడవాళ్ళు మా గదిలోనే నలుగురైదుగురున్నారు. వాళ్ళు కూడా సామ్యూల్ కోసం నొచ్చుకున్నారు. వాళ్ళ విషయంలో అది అన్యాయంలా కాక జీవితంలా జరిగిపోయింది. త్రియే పాత్రల్ని తిప్పివెయ్యడం వల్ల సాండ్రా మంచిది, సామ్యూల్ చెడ్డవాడు అని రుజువు కాదు. అలవాటుపడి కనపడకుండా పోయిన ఒక దోపిడీ మగవాడి ఒంటిమీద పెట్టగానే మళ్ళీ కనపడుతుందని రుజువవుతుంది.

ఆ సీను చిత్రించిన పద్ధతి కూడా చెప్పాలి. మాటల గొడవని దర్శకురాలు బొమ్మతో చూపిస్తుంది. చేతులు లేచే సమయానికి బొమ్మ తీసేసి మళ్ళీ కోర్టులోకి తెస్తుంది. గ్లాసు పగిలిన చప్పుడు, దెబ్బల చప్పుడు మాత్రం వింటాం. గ్లాసు విసిరింది నేనే, చెంపమీద కొట్టింది నేనే, తర్వాతి దెబ్బలు అతను తనని తాను కొట్టుకున్నవి అంటుంది సాండ్రా. నమ్మాలా? చూడలేదు కాబట్టి చెప్పలేం. ఒకరోజు గొడవ విని ఒక కాపురమంతా తెలిసిపోయిందనుకోవద్దని ఆమె కోర్టుకి చెప్తుంది. ఏ ఇంటి గొడవనైనా రికార్డు చేసి పక్కింటివాళ్ళకి వినిపిస్తే అందులో ఎవరు మిగులుతారు?

భాష గురించి ఒక మాట. సాండ్రా జర్మన్. భర్త ఫ్రెంచి. ఇద్దరూ ఇంట్లో ఇద్దరిదీ కాని ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు. కోర్టు ఫ్రెంచిలో నడుస్తుంది. కూడబలుక్కుంటూ ఫ్రెంచి మాట్లాడి, ఇక తన వల్లకాక ఆమె ఇంగ్లీషులోకి మారుతుంది. ఆమె 'చల్లదనం' అని మనవాళ్ళన్నదాంట్లో సగం పరాయి భాషలో పదం వెతుక్కునే మనిషి జాగ్రత్త. కోడలిగా వేరే ప్రాంతానికి వెళ్ళి అక్కడి యాసలో తడబడే ఆడవాళ్ళకి ఈ అనుభవం తెలుసు. ఆమె తడబడితే తెలివితక్కువది, తడబడకపోతే గడుసుది. మధ్యలో నిలబడటానికి చోటుండదు.

ఈ సినిమా గురించి నాకు ఎదురైన గట్టి అభ్యంతరం మగవాళ్ళ దగ్గర్నుంచి రాలేదు. ఏళ్ళ తరబడి బాధిత స్త్రీల కేసుల్లో తిరిగిన ఒక పెద్దావిడ అన్నారు. "అమ్మాయ్, మీ సాహిత్యం వాళ్ళకి సందిగ్ధత అంటే ముద్దు. మేం దానితోనే యుద్ధం చేశాం. స్టవ్ పేలి చచ్చిపోయిందా, కిరసనాయిలు పోసి అంటించారా? బావిలో జారిపడిందా, తోశారా? ఏమో తెలీదనుకుంటూ కేసులు మూసేసేవాళ్ళు. ఆ 'ఏమో' మా పిల్లల్ని ఎంతమందిని మింగిందో నీకు తెలుసా?"

ఈ మాటకి జవాబు చెప్పకుండా ఈ సినిమాని పొగడటం నావల్ల కాదు. ఆవిడన్నది చరిత్ర. ఉద్యమాల ఒత్తిడితో 1983లో 498ఎ వచ్చింది. 1986లో వరకట్న మరణాన్ని ప్రత్యేక నేరం చేస్తూ 304బి వచ్చింది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 80వ సెక్షను. పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ అసహజంగా చనిపోతే, చావుకి కొద్దికాలం ముందు కట్నం కోసం హింసించినట్టు చూపితే, ఆ చావుకి కారణం వాళ్ళేనని కోర్టు భావించాలి. అంటే 'ఏమో' దగ్గర చట్టం ఆగిపోకూడదని ఆడవాళ్ళు పోరాడి సాధించుకున్నారు.

అయితే ఆ చట్టం దేన్ని చూడమంటోందో గమనించాలి. భర్త ఏడ్చాడా లేదా అని చూడమనలేదు. అత్తగారి శీలం చూడమనలేదు. కట్నం అడిగారా, హింసించారా, ఎప్పుడు, పెళ్ళయి ఎన్నాళ్ళయింది, ఇవి చూడమంది. ఇంట్లో అధికారం ఎవరిది, దెబ్బలు ఎవరికి తగిలాయి అన్న పరిస్థితుల్ని చూడమంది. 'ఏమో' అన్నప్పుడల్లా మనుషులు ఏదో ఒకదానితో ఆ ఖాళీ పూరిస్తారు. వంటింట్లో కాలిపోయిన కోడలి విషయంలో ఆ ఖాళీని 'మంచి కుటుంబం, అలాంటివాళ్ళు కాదు' అన్న నమ్మకంతో పూరించారు. సాండ్రా విషయంలో 'అలాంటి మనిషే' అన్న నమ్మకంతో పూరించారు. రెండుచోట్లా పనిచేసింది ఒకటే, కుటుంబం మీద భక్తి. ఒకచోట అది హంతకుల్ని కాపాడింది. మరోచోట రుజువు లేకుండానే హంతకిని తయారుచేసింది. ఆ పెద్దావిడ యుద్ధం చేసిందీ, ఈ సినిమా బయటపెడుతున్నదీ ఒకే శత్రువుని అని నాకనిపిస్తుంది. ఆవిడ పూర్తిగా ఒప్పుకోలేదు. "కోర్టులో నిలబడితే తెలుస్తుంది" అన్నారు. ఆ మాట కూడా ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

నిదానం గురించి ఇప్పుడు చెప్పొచ్చు. వేగంగా సాగే నేరకథలో మన అనుమానం మనది కాదు. దర్శకుడు ఎటు చూపిస్తే అటు పరిగెడతాం, చివర్లో తప్పని తేలినా అది అతని మోసం. ఇక్కడ కెమెరా తొందరపడదు. ఒక మనిషి మొహం మీద ఆగుతుంది, ఆమె మాట అనువాదమయ్యేదాకా ఆగుతుంది. ఆ ఖాళీలో మన అనుమానం మనకే వినిపిస్తుంది. సాండ్రాగా నటించిన సాండ్రా హ్యూలర్‌కి కూడా పాత్ర చంపిందో లేదో త్రియే చెప్పలేదట, నిర్దోషిలా నటించమని మాత్రమే చెప్పిందట. మరి ఆ మొహంలో అంతమందికి నేరం కనపడిందంటే అది తెరమీంచి వచ్చింది కాదు. సినిమాలోనే ఒక టీవీ చర్చలో ఒకతను అంటాడు, మాస్టారొకడు ఆత్మహత్య చేసుకున్నాడన్న కథ కంటే రచయిత్రి భర్తని చంపిందన్న కథే ఆసక్తికరమని. మనం ఏమంటామో త్రియేకి ముందే తెలుసు.

చివరికి తీర్పు నిజంగా నిలబడింది ఆ పిల్లవాడి మీద. డానియెల్‌కి నాలుగో ఏట జరిగిన ప్రమాదంలో చూపు దెబ్బతింది. అతనికీ మనలాగే చూడటానికి ఏమీ లేదు, వినడమే ఉంది. తల్లిదండ్రుల గొడవ కోర్టులో అందరిమధ్యా కూర్చుని విన్నాడు. రెండింటిలో ఏది నిజమో తెలియనప్పుడు, తెలియకుండా ఉండటం భరించలేనప్పుడు, ఏదో ఒకటి నిర్ణయించుకోవాలని అతనికి తోడుగా కోర్టు పంపిన మార్జ్ చెప్తుంది. అతను నిర్ణయించుకుంటాడు. తండ్రి ఒకసారి కారులో చెప్పిన మాటల్ని సాక్ష్యంగా చెప్తాడు. ఆ జ్ఞాపకంలో తండ్రి పెదవులు కదులుతుంటే వినిపించేది కొడుకు గొంతు. అది జ్ఞాపకమో కల్పనో త్రియే చెప్పదు.

ఫ్రాన్సులో ఇలాంటి కేసుల్లో ముగ్గురు జడ్జీలతోపాటు ఆరుగురు మామూలు పౌరులు కూర్చుంటారు. విప్లవకాలం నుంచి వస్తున్న సూత్రం ప్రకారం, మీకు అంతరంగంలో నమ్మకం కుదిరిందా లేదా అన్నదే అక్కడి చట్టం వాళ్ళని అడుగుతుంది. అంతరంగంలో నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుందని మాత్రం అడగదు. ఆ ప్రశ్న అడగడం విమర్శ పని. అమ్మ చెప్పిన కథల్లోంచి, చావిళ్ళలో విన్న గుసగుసల్లోంచి, చదివిన నవలల్లోంచి, 'మంచి ఆడది' అనే ఆ పాత అచ్చులోంచి మన అంతరంగం తయారైంది. అందులోంచి పుట్టిన నమ్మకం మన సొంతమేనని ఎలా అనుకుంటాం?

డానియెల్ ఒక్కడే ఈ సినిమాలో నిజాయితీగా తీర్పు చెప్పాడు. తనకి తెలుసని అతను అనుకోలేదు. నిర్ణయిస్తున్నానని తెలిసి నిర్ణయించాడు, ఆ నిర్ణయంతో ఒకే ఇంట్లో ఆమెతో బతకాలని కూడా తెలిసే. విడుదలై వచ్చిన సాండ్రాకి గెలిచిన సంతోషం లేదు. నువ్వు ఇంటికొస్తావంటే భయమేసిందని కొడుకంటాడు, నాకూ భయమేసిందని తల్లి అంటుంది. తీర్పు వచ్చాక కూడా మిగిలేది ఆ భయమే.

సాండ్రా చంపిందా అని నన్నూ అడుగుతుంటారు. ఆ పైఅంతస్తులో నేను లేను. ఉన్నదల్లా ఈ గదిలో, 'చంపింది' అన్నవాళ్ళ మధ్య, 'లేదు' అన్నవాళ్ళ మధ్య. కాబట్టి నేను అడగగలిగింది ఒక్కటే. మీకలా అనిపించడానికి ఆమె చేసిన పని కారణమా, ఆమె ఉన్న తీరు కారణమా? పక్కింట్లో, పేపర్లో, పంచాయితీలో మరో స్త్రీ గురించి ఇలాగే తీర్పు చెప్పబోయే ముందు ఈ రెండింటినీ విడదీసి చూసుకోవడం నేర్చుకుంటే, ఆ రెండున్నర గంటలూ సాగదీసినట్టు కాదు.